బోర్డు మీద పచ్చగా ఉన్న లైను

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలెవరైనా అడిగితే, "నెట్ స్లోగా ఉందని ఫోన్ చేస్తే ఎత్తేది నేనే" అని చెప్పేదాన్ని. ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. ఇల్లు తార్నాకలో, క్యాంపస్ గేటుకు నడిచి వెళ్లేంత దూరంలో. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఏదైనా ఆలస్యంగా నడుస్తోందంటే నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యం లేదు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే ప్రశ్న.

నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి పోయిన నెల ఇంటికి వచ్చింది. టీ తాగుతూ, "మేడం, మీరిచ్చిన ఫైళ్లన్నీ చూసిన. ఏ పెట్టె ఎక్కడున్నదో తెలిసింది. కానీ పనేందో తెలుస్తలేదు" అంది. న్యాయమైన మాట. ఫైళ్లలో పని ఉండదు. ఆమె కోసమూ, ఆమె తర్వాత వచ్చేవాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి రావలసినప్పుడు కాక, వాటికి తోచినప్పుడు వచ్చాయి.

ఆగిపోవడం వేరు, నెమ్మదించడం వేరు

నెట్‌వర్క్ పూర్తిగా ఆగిపోతే మాకు సుఖం. అందరికీ తెలుస్తుంది, అందరూ ఒప్పుకుంటారు, తెగిన చోటు వెతికి అతికిస్తే థాంక్స్ కూడా చెబుతారు. క్యాంపస్‌లో కేబుళ్లకు మొదటి శత్రువు పందికొక్కు, రెండో శత్రువు రోడ్డు తవ్వే ప్రొక్లెయినర్. రెండూ నిజాయితీగల శత్రువులే. కొరికితే కొరికినట్టు కనిపిస్తుంది, తెంపితే తెంపినట్టు కనిపిస్తుంది.

నెమ్మదించడం అలా కాదు. ఉదయం బాగుంటుంది, మధ్యాహ్నం ఉండదు. ఒకాయనకు పేజీ తెరుచుకుంటుంది, పక్క కుర్చీ ఆయనకు తెరుచుకోదు. మేం వెళ్లేసరికి అన్నీ సవ్యంగా ఉంటాయి. ఫోన్ చేసిన మనిషి మా ముందు నిలబడి, "ఇందాక నిజంగనే స్లోగుండె మేడం, ఒట్టు" అంటాడు. దొంగతనం అంటగట్టినంత ఇబ్బంది పడతాడు.

మాది క్యాంపస్ ఒక్కటే కాదు. జిల్లాల్లో విశ్వవిద్యాలయానికి చెందిన పదహారు కాలేజీలు ఉండేవి. ప్రతి కాలేజీ నుంచి క్యాంపస్ దాకా ఒక లైను. ఆ లైను కాలేజీ గోడ దాటగానే ఎవరిదో అవుతుంది, ఊరు దాటితే ఇంకెవరిదో అవుతుంది. మధ్యలో ఎక్కడ నెమ్మదించిందని అడిగితే ఎవరికి వారే "మా దగ్గర అంతా ఓకే" అంటారు. నా సర్వీసులో ఈ ఒక్క వాక్యం విన్నన్ని సార్లు నా పేరు కూడా వినలేదు.

ఆ రోజుల్లో సమస్యను కనిపెట్టే యంత్రం మా టేబుల్ మీద టెలిఫోనే. దానివల్ల ఒక వింత జరిగేది. గట్టిగా అరిచే ప్రిన్సిపాల్ ఉన్న కాలేజీలో నెట్‌వర్క్ దివ్యంగా ఉండేది. నోరు లేని కాలేజీల నుంచి ఫోన్లు రావు కాబట్టి అక్కడా బాగానే ఉందనుకునేవాళ్లం. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. దీనికి మందు యంత్రమేనని కూడా నమ్మాను. మొదటిది సరైనదే.

డబ్బాలు పెట్టడం

మా డైరెక్టర్ ఓబుల్ రెడ్డి గారిది కడప దగ్గర ఊరు. ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్. పొద్దున్నే తెల్ల చొక్కాతో వచ్చి, సాయంత్రానికి అదే తెలుపుతో వెళ్లే మనిషి. నా పథకం విని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"యాడ చెడిపోతాందో మనకు వాళ్లకంటే ముందే తెలుస్తాదా?"

"తెలుస్తుంది సార్."

"అయితే చెయ్. వాళ్లు ఫోన్ చేసేలోపల మనమే ఫోన్ చేస్తే ఎట్లుంటాది!"

పథకం ఇదీ. ప్రతి కాలేజీలో టిఫిన్ డబ్బా అంత చిన్న కంప్యూటర్ ఒకటి పెడతాం. అది అయిదు నిమిషాలకోసారి క్యాంపస్‌కు కొన్ని ఉత్తుత్తి సందేశాలు పంపుతుంది. అవి ఎంతసేపట్లో చేరాయో, ఎన్ని దారిలో పోయాయో మా ప్రోగ్రాం లెక్క కడుతుంది. తేడా కనిపిస్తే గోడ మీది టీవీలో ఆ కాలేజీ గడి ఎర్రబడుతుంది, నా ఫోన్‌కు సందేశం వస్తుంది.

తేడా అంటే ఎంత? అందరికీ ఒకటే గీత గీస్తే కుదరదు. పక్క జిల్లా కాలేజీకీ, రాష్ట్రం చివరున్న కాలేజీకీ ఒకే వేగం రాదు. అందుకని ప్రతి లైనుకు దాని అలవాటే కొలత అన్నాను. సోమవారం పదకొండు గంటలకు ఆ లైను మామూలుగా ఎలా ఉంటుందో ప్రోగ్రాం పాత వారాల నుంచి నేర్చుకుంటుంది. ఈ సోమవారం దానికి దూరంగా జరిగితే అరుస్తుంది. ఈ ఆలోచన నాదే. రెండు సదస్సుల్లో చెప్పాను కూడా. ముందు వరసలో వాళ్లు తలలూపారు.

డబ్బాలు పెట్టడానికి నేనూ, మా టెక్నీషియన్ యాదగిరీ బస్సుల్లో తిరిగాం. యాదగిరి నాకంటే నాలుగేళ్లు పెద్ద. అందరూ యాదన్న అనేవారు, నేనూ అంతే. కేబుల్ చివర చేత్తో పట్టుకుని దాని ఆరోగ్యం చెప్పగలడు. ఒక కాలేజీలో డబ్బా బిగిస్తూ ఆగాడు. ఆ కాలేజీ పేరు రాయను.

"మేడం, గీ లైను ఇప్పటికే నీరసంగున్నది. ముందుగల్ల కంపెనోళ్లతోని బాగు చేయించి, ఎన్క డబ్బా పెడదామా?"

"బస్సుకు టైమవుతున్నది యాదన్నా. ఇయ్యాల పెట్టేద్దాం. బాగు చేయించుడు తర్వాత చూద్దాం."

ఆ తర్వాత చూడలేదు. చూడకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంకా ఏడు కాలేజీలు మిగిలి ఉన్నాయి, అంతే.

బీరువా తలుపు

మొదటి నెల మా ప్రోగ్రాం అన్నిటికీ అరిచింది. ఫోన్ ఆగకుండా మోగుతుంటే మా ఆయన దాన్ని తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో పెట్టాడు. మెల్లగా సరిదిద్దుకున్నాం. మూడో నెలలో అది మా పరువు నిలబెట్టింది.

ఒక కాలేజీ గడి ప్రతి పనిదినం పదిన్నరకు ఎర్రబడేది, సాయంత్రం అయిదుకు పచ్చబడేది. ఆదివారం పూర్తిగా పచ్చ. లైను కంపెనీ వాళ్లు మా దగ్గర అంతా ఓకే అన్నారు. నేనూ యాదన్నా వెళ్లి లైబ్రరీలో కూర్చున్నాం. లైను ఆ గదిలోంచే లోపలికి వస్తుంది. పదిన్నరకు లైబ్రేరియన్ వచ్చాడు, ఇనప బీరువా తెరిచాడు, హాజరు పట్టీ తీశాడు, తలుపు అలాగే వదిలేసి కూర్చున్నాడు. ఆ తలుపు అంచు గోడ మీది గాజుతీగ కేబుల్‌ను మోచేయిలా వంచి నొక్కుతోంది. లోపల వెలుతురు ప్రయాణించే తీగ అది. వంచితే వెలుతురు కారిపోతుంది.

యాదన్న విషయం చెబితే లైబ్రేరియన్‌కు కోపం వచ్చింది. "అంటే నెట్ కోసం నేను బీరువా మూసుకోని కూసోవాల్నా?"

"మీరు ఎట్లన్న కూసోండ్రి సార్. తీగనే మీదికి జరుపుతా" అని యాదన్న కేబుల్‌ను అడుగు పైకి జరిపి మేకులు కొట్టాడు. పదిహేను నిమిషాల పని.

ఓబుల్ రెడ్డి గారు ఈ కథను వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవారు. ఏడాది తిరిగేసరికి ఆయన కథలో బీరువాలు మూడయ్యాయి. గోడ టీవీని ఇంకా పెద్దది చేయించారు. అతిథులు దాని ముందు ఫోటోలు దిగేవారు. ఒకాయన దీంట్లో క్రికెట్ వస్తుందా అని అడిగాడు. పెద్దవాళ్లు వచ్చే రోజున డైరెక్టర్ గారు నా గదిలోకి తొంగిచూసి, "అనసూయమ్మా, ఆ ఎర్రవి రొంత తగ్గించే ఉపాయం ఏమన్నా ఉండాదా?" అనేవారు. నేను ఎరుపును నారింజ రంగుకు మార్చాను. ఇది నేను చేసిన చిన్న తప్పుల్లో ఒకటి. పెద్దది రాబోతోంది.

స్వరూప ఫోన్లు

యాదన్న నీరసంగా ఉందన్న ఆ కాలేజీలో స్వరూప అని కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ ఉండేది. వారానికోసారి ఫోన్ చేసేది.

"మేడం, ఇయ్యాల గూడ గట్లనే ఉన్నది. ఒక్క సర్క్యులర్ తెరుస్తందుకు నాలుగు నిమిషాలు పట్టింది."

నేను బోర్డు వైపు చూసేదాన్ని. ఆమె కాలేజీ గడి పచ్చగా, ప్రశాంతంగా ఉండేది. పదహారింటిలో ఒక్కసారి కూడా ఎర్రబడని కాలేజీ అదొక్కటే.

"లైనులో తేడా ఏమీ లేదమ్మా. మీ ల్యాబ్ కంప్యూటర్లు పాతవేమో చూడండి. వైరస్ ఉందేమో చూడండి."

"చూసిన మేడం. రెండుసార్లు మొత్తం తుడిచేసి మళ్ల ఎక్కించిన."

"మరి మా బోర్డులో అంతా మామూలుగానే ఉంది కదా."

"మీ బోర్డుల పచ్చగున్నదంటే ఇగ నేనేం చెప్పాలె మేడం" అని పెట్టేసేది.

యంత్రం రాకముందు నేను ఫోన్ చేసేవాళ్లను నమ్మేదాన్ని, ఫోన్ చేయనివాళ్లను పట్టించుకునేదాన్ని కాదు. యంత్రం వచ్చాక ఫోన్ చేసేవాళ్లను కూడా నమ్మడం మానేశాను. దీన్ని మా రంగంలో ప్రగతి అన్నారు, నేనూ అన్నాను.

నేను రాసిచ్చిన ఒక్క వాక్యం

ఒక ఎండాకాలం పీజీ ప్రవేశ పరీక్షను మొదటిసారి జిల్లా కాలేజీల ల్యాబుల్లో కంప్యూటర్ల మీద పెట్టారు. ప్రశ్నలు క్యాంపస్‌లోని సర్వర్‌లో ఉంటాయి. పిల్లలు చివర్లో సబ్మిట్ నొక్కాలి. నొక్కితే జవాబులు క్యాంపస్‌కు చేరతాయి.

స్వరూప కాలేజీలో నలభై మందికి దగ్గరగా రాశారు. ఫలితాల్లో తొమ్మిది మందికి సున్నా వచ్చింది. ఆ తొమ్మిది మంది సబ్మిట్ నొక్కామనీ, తెర అలాగే తిరుగుతూ ఉండిపోయి టైమ్ అయిపోయిందనీ అర్జీ పెట్టుకున్నారు. ఫిర్యాదుల కమిటీ మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగింది. ఆ సమయంలో ఆ కేంద్రంలో నెట్‌వర్క్ ఎలా ఉంది?

నేను ఆ రోజు రికార్డు తెరిచాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పచ్చ. "పరీక్ష సమయంలో ఆ కేంద్రపు నెట్‌వర్క్ సాధారణ స్థితిలో ఉంది" అని రాసి సంతకం పెట్టాను. డైరెక్టర్ గారు కింద సంతకం పెట్టారు. నాకు పట్టిన సమయం అయిదు నిమిషాలు. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. అది నిజంగానే ఆ లైనుకు సాధారణ స్థితి.

విద్యార్థులు సబ్మిట్ నొక్కినట్టు ఆధారం లేదని కమిటీ అర్జీలు కొట్టేసింది.

నోటుపుస్తకం

ఆ తర్వాత పది రోజులకు స్వరూప మా ఆఫీసుకు వచ్చింది. అప్పటిదాకా గొంతే తెలుసు నాకు. ముప్పై అయిదేళ్లుంటాయి, భుజాన గుడ్డ సంచి, ఎండలో బస్సు దిగి నడిచి వచ్చిన ముఖం. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి రెండు వందల పేజీల నోటుపుస్తకం తీసి నా టేబుల్ మీద పెట్టింది.

తారీకు, టైము, ఒకటే పేజీ తెరుచుకోవడానికి పట్టిన నిమిషాలు. ల్యాబ్ గోడ గడియారం చూసి రాసుకున్నవి. రోజుకు మూడుసార్లు, రెండేళ్లకు దగ్గరగా.

"ఇది ఎందుకు రాశారు?"

"మీకు చెప్తే బోర్డు చూస్తున్రు మేడం. మా ప్రిన్సిపాల్ సారుకు చెప్తే మీకు చెప్పమంటున్రు. ఎవలకన్న ఒకలకు చెప్పాలె గదా. పుస్తకానికి చెప్పిన."

నేను పేజీలు తిరగేశాను. ఆమె అన్నది, "మేడం, ఆ తొమ్మిది మందిల మౌనిక అని ఒకామె ఉన్నది. నా క్లాసుల ఫస్టు. ఆమె నొక్కకుండ ఉంటదా? నేను నమ్మను. మీ బోర్డు తప్పు చెప్తున్నదని నాకు తెలుసు. ఎట్ల చెప్తున్నదో మీరే చూడాలె. నాకు మీ అంత తెల్వదు."

ఆమెకు నీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఆ మధ్యాహ్నం మొదటిసారి నేను బోర్డును కాక దాని వెనకున్న అసలు అంకెలను చూశాను. ఆ కాలేజీకి ముందు, అదే రోడ్డు మీద ఇంకో కాలేజీ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టాను. పక్క కాలేజీ నుంచి పంపిన సందేశాలు దాదాపు అన్నీ చేరుతున్నాయి. స్వరూప కాలేజీ నుంచి వందకు నాలుగు దారిలో పోతున్నాయి. ఆ నాలుగు నిన్న మొదలైనవి కావు. డబ్బా బిగించిన మొదటి రోజు, మొదటి గంట నుంచీ ఉన్నాయి.

కొత్తగా చేరినవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వందకు నాలుగేగా అనిపిస్తుంది. కానీ పంపిన ముక్క పోయినప్పుడల్లా పంపే కంప్యూటర్ దారిలో రద్దీ ఉందనుకుని తన వేగం తగ్గించుకుంటుంది. మళ్లీ మెల్లగా పెంచేలోపు ఇంకో ముక్క పోతుంది. అలా కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది. నలభై మంది ఒక్కసారి చివరి పది నిమిషాల్లో సబ్మిట్ నొక్కితే కొందరివి చేరతాయి, కొందరివి మధ్యలో తెగిపోతాయి.

మా ప్రోగ్రాం తప్పు చేయలేదు. నేను చెప్పిన పనే చేసింది. ప్రతి లైనును దాని అలవాటుతో పోల్చమన్నాను, పోల్చింది. పుట్టినప్పటి నుంచీ జబ్బుతో ఉన్న లైనుకు జబ్బే అలవాటు. ఆ కాలేజీ ఎప్పుడూ ఎర్రబడకపోవడం ఆరోగ్యం కాదు. అది ఒక్కరోజు కూడా బాగుపడలేదు, అందుకే చెడిపోయినట్టు కనిపించలేదు.

యాదన్నను పిలిచి అంకెలు చూపించాను. ఆయన నాకు గుర్తు చేయలేదు. నేనే అన్నాను, "నువ్వు ఆరోజే చెప్పినవ్."

"చెప్పిన గని మేడం, గట్టిగ చెప్పలే" అన్నాడు. తప్పులో సగం తన మీద వేసుకోవడానికి ఆయన వెతుక్కున్న దారి అది. నేను ఒప్పుకోలేదు.

మర్నాడు ఆయన వెళ్లి, లైను కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని, స్తంభం స్తంభం తిరిగాడు. కూరగాయల మార్కెట్ దగ్గర ఒక అతుకు పెట్టె మూత సరిగా లేదు, లోపల నీరు చేరి ఉంది. అతుకు కోసి కొత్తగా వేశారు. నలభై నిమిషాలు పట్టింది. స్వరూప ఫోన్ చేసింది. "మేడం, సర్క్యులర్ గిట్ల నొక్కంగనే గట్ల వచ్చింది. మా పిల్లలు చప్పట్లు కొట్టిన్రు."

ఓబుల్ రెడ్డి గారు

రాసిచ్చిన రిపోర్టును వెనక్కి తీసుకోవాలి. ఉత్తరం రాసుకుని డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ఆ గదిలోంచి కిటికీ అవతల రాళ్లగుట్ట, దాని మీద ఎండకు పడుకున్న ఉడుము కనిపించేవి. ఆయన ఉత్తరం చదివినంతసేపూ నేను ఉడుమును చూశాను.

"నువ్వు రాసిచ్చినావు, నేను సంతకం పెట్టినా. ఇప్పుడు ఎనక్కి తీసుకుంటే ఈ బోర్డు మీద ఎవురికన్నా నమ్మకముంటాదా?"

"ఉండొద్దు సార్."

ఆయన కళ్లజోడు తీశారు. నేను అంతకుముందెన్నడూ ఆయనతో అలా మాట్లాడలేదు.

"తప్పు యాడుండాదో నాకు అర్థమయ్యేట్ల చెప్పు."

చెప్పాను. పక్క కాలేజీ అంకెలు, ఈ కాలేజీ అంకెలు, నోటుపుస్తకం. ఆయన నోటుపుస్తకం చాలాసేపు తిరగేశారు. ఒక పేజీ దగ్గర ఆగి, "ఆదివారం గూడా పోయి రాసిందే ఈయమ్మ" అన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. సర్వర్ ముందు కాపలా ఉండే యంత్రం ఒకటుంది. ఏ కంప్యూటర్ నుంచి మాట మొదలైందో, మధ్యలో ఎక్కడ తెగిందో అది రాసుకుంటుంది. ఆ పరీక్ష రోజు చిట్టాను ఎవరూ అడగలేదు, నేనూ తెరవలేదు. ఇప్పుడు తెరిచాను. ఆ తొమ్మిది కంప్యూటర్ల నుంచీ చివరి నిమిషాల్లో సబ్మిట్ మొదలై మధ్యలో తెగిన గుర్తులున్నాయి.

ఆయన పెన్ను తీశారు. నా ఉత్తరంలో "కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని రాశాను. ఆ నాలుగు మాటల మీద అడ్డంగా గీత గీశారు.

"కారణాలేందమ్మా కారణాలు. 'మేం తప్పు చెప్పినాం' అని రాయి. దాని కింద ఎట్ల తప్పో రాయి. ఇద్దరం సంతకం పెడదాం."

నేను ఆయన్ని బోర్డు కోసం నెట్‌వర్క్ నడిపే మనిషి అనుకునేదాన్ని. చాలావరకు అది నిజమే. వారం తర్వాత ఒక పెద్దాయన వస్తే మళ్లీ బీరువా కథే చెప్పారు. కానీ ఆ ఒక్క ఉత్తరం దగ్గర నాకంటే ఆయనే సూటిగా ఉన్నారు. పై అధికారుల గురించి మీరు తొందరగా ఒక అభిప్రాయానికి రాకండి. ఏడాదికోసారి వాళ్లు ఆ అభిప్రాయాన్ని తప్పు చేసి మిమ్మల్ని ఇబ్బంది పెడతారు.

కమిటీ రెండు నెలలు ఆలోచించి, తొమ్మిది మందికీ క్యాంపస్ ల్యాబులో మళ్లీ పరీక్ష పెట్టింది. ఏడుగురు వచ్చారు. ఒక అబ్బాయి అప్పటికే వేరే కోర్సులో చేరిపోయాడు. మౌనిక రాలేదు.

తర్వాత మార్చినవి

ప్రోగ్రాంను సరిదిద్దాం. లైనును దాని అలవాటుతోనే కాక, అదే దారిలో ఉన్న ఇరుగుపొరుగుతోనూ పోలుస్తుంది ఇప్పుడు. కొత్త డబ్బా పెట్టేముందు లైను బాగుందని మనిషి పరీక్షించి రాయాలి, యాదన్న లాంటి మనిషి అయితే మంచిది. ఎవరైనా ఫోన్ చేసి స్లోగా ఉందంటే ఆ మాట కూడా బోర్డు మీద గుర్తుగా పడుతుంది, యంత్రం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మనిషి ఒకటి చెప్పి, యంత్రం ఇంకోటి చెబితే ఆ గడికి పసుపు రంగు. పచ్చకంటే, ఎరుపుకంటే ముందు ఆ పసుపు గడుల దగ్గరికే వెళ్లమని మావాళ్లకు చెప్పాను. ఎరుపును మళ్లీ ఎరుపే చేశాను.

మీకు ఇప్పుడు మాకంటే తెలివైన ప్రోగ్రాములు వస్తున్నాయి. వాటంతట అవే నేర్చుకుంటాయి. నేర్చుకోనివ్వండి, నేను వద్దనను. పదహారు లైన్లను అయిదు నిమిషాలకోసారి మనిషి చూడలేడు. ఏ రోజుల్ని చూసి మంచిదంటే ఏమిటో నేర్చుకుందని మాత్రం అడగండి. ఆ రోజుల్లో అక్కడ కూర్చున్నవాళ్లు ఏమన్నారో కూడా అడగండి.

మల్కాజ్‌గిరిలో

మౌనిక సంగతి స్వరూప చెప్పింది. అర్జీ కొట్టేశాక ఇంట్లో వాళ్ల నాన్న, "నువ్వే నొక్కలే. తప్పు చేసి నెట్ మీద ఏస్తున్నవ్" అన్నాడట. ఆయన చెడ్డవాడు కాదు, వ్యవసాయం చేసుకునే మనిషి. విశ్వవిద్యాలయం కాగితం మీద రాసి పంపితే నమ్మాడు. ఆ కాగితానికి ఆధారం నా వాక్యం. కొన్నాళ్లు వాదించి, తర్వాత ఆ అమ్మాయి ఆ మాట ఎత్తడం మానేసింది. మల్కాజ్‌గిరిలో పిన్ని ఇంటికి వచ్చి కళ్లద్దాల దుకాణంలో చేరింది.

ఒక మధ్యాహ్నం నేను ఆటోలో వెళ్లాను. స్టేషన్‌కు దగ్గర్లో చిన్న దుకాణం. మౌనిక సన్నగా, పొడుగ్గా ఉంది. ఒక ముసలాయనకు ఫ్రేములు పెట్టి చూపిస్తోంది. ఆయన వెళ్లాక నేనెవరో చెప్పాను. నమస్తే పెట్టింది, కుర్చీ జరిపింది. ముఖంలో ఏమీ కనిపించలేదు.

"మళ్లీ పరీక్ష పెట్టిన్రు గదమ్మా. ఉత్తరం అందలేదా?"

"అందింది మేడం. పోబుద్ధి కాలే." ఫ్రేములు వాటి చోట్లో పెట్టింది. "ఒకవేళ మళ్ల గట్లనే అయితే, ఈసారి నేనే నన్ను నమ్మకపోదును."

నేను తెచ్చిన కాగితం తీశాను. ఆమె కూర్చున్న కంప్యూటర్ చిట్టా. వరసగా అంకెలు, టైములు. వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను, ఇది నువ్వు నొక్కిన టైము, ఇది మధ్యలో తెగిన టైము, ఇది మళ్లీ నొక్కిన టైము.

ఆమె కాగితం వైపు కాదు, నా వైపు చూసింది.

"నొక్కిన గద మేడం?"

"నొక్కినవ్. పదకొండు సార్లు."

"తొమ్మిదిసార్లు అనుకున్న" అంది. కాగితం చేతిలోకి తీసుకుని, "లెక్క తప్పిన" అంది.

నా తప్పు నేను చెప్పుకున్నాను. ఎలా జరిగిందో కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, రెండు ప్రశ్నలడిగింది. రెండూ సరైన ప్రశ్నలు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. చివరికి, "ఇది తెలుగుల రాసిస్తరా మేడం? మా నాయిన ఇంగ్లీషు చదవడు" అంది.

దుకాణం కౌంటర్ మీద కూర్చుని ఏడు వాక్యాలు రాశాను. నా పేరు, హోదా రాసి సంతకం పెట్టాను. ఆమె నిలబడే మొత్తం చదివి, ఫోన్ తీసి ఊరికి కలిపింది.

"నాయినా, ఓ కాగితం చదువుతున్న, ఇను."

అద్దాల వరసల మధ్య నిలబడి, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చదివింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు. ఆమె కాసేపు విని, కాగితంలో పైకి వెళ్లి ఆ వాక్యం వెతుక్కుంది.

"అవ్ నాయినా. పదకొండు. యూనివర్సిటీ మేడమే రాసింది, గీడనే కూసున్నది. మళ్ల చదువుతా, ఇను."